ఎర్ర కోటు తెచ్చిన పేరు: తిలంగా

కట్టు, బొట్టు అని మన పెద్దలు ఎప్పుడూ జంటగానే అన్నారు. ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే, అతను నోరు విప్పకముందే పంచె కట్టిన తీరు, తలపాగా చుట్టిన తీరు, నుదుటి మీద బొట్టు చూసి ఏ సీమవాడో, ఏ పని చేసుకునేవాడో ఒక అంచనాకు వచ్చేసేవారు. ఆ అంచనా ఒక్కోసారి నిజమయ్యేది, ఒక్కోసారి బోల్తా కొట్టేది. అయినా అంచనా వేయడం మాత్రం ఎవరూ మానలేదు, ఇప్పటికీ మానలేదు. ఏళ్ళ తరబడి యూనిఫాంలో బతికిన మనబోటి వాళ్ళకి ఈ సంగతి ఇంకొకరు వచ్చి చెప్పనక్కరలేదు.

మన సంచికలో యుద్ధాల గురించీ, పతకాల గురించీ పెద్దలు రాస్తూనే ఉన్నారు. నేను ఈసారి ఒక కోటు గురించి రాస్తాను. అది ఎర్ర కోటు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మనవాళ్ళకి తొడిగిన కోటు. ఆ కోటు వల్ల మన తెలుగు జాతి పేరు గంగా తీరం దాకా, నేపాలు కొండల దాకా పాకింది. పాకిన ఆ పేరుకి తర్వాత ఏ గతి పట్టిందో కూడా చెప్పుకోవాలి. ఉత్తరాదిన స్థిరపడిన మన పిల్లలకి ఈ కథ చాలామందికి తెలియదు.

తిలంగా అంటే ఎవరు?

ఈ మాట నాకు మొదట పుస్తకాల్లో దొరకలేదు. సర్వీసులో ఉండగా నాతో పనిచేసిన ఒక బిహారీ హవల్దారు చెప్పాడు. ఒకరోజు రాత్రి డ్యూటీలో టీ తాగుతూ, "సాబ్, మీది తెలుగు దేశం కదా? మా నానమ్మ ఫౌజీలందరినీ తిలంగా అనే పిలిచేది. నేను భర్తీ అయిన రోజు కూడా మనవడు తిలంగా అయ్యాడని వీధంతా చెప్పుకుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచన వచ్చింది. అతనా, భోజ్‌పురీ మాట్లాడే మనిషి. గోదావరి ఎటువైపు ఉందో కూడా ఎరగడు. అతను తిలంగా ఎలా అయ్యాడు?

హిందీ నిఘంటువు తీస్తే దానికి జవాబు దొరికింది. తిలంగా అంటే కంపెనీ ఫౌజులోని దేశీ సిపాయి అని అర్థం రాశారు. తెలంగాణ, ఆంధ్ర అనే తేడా లేకుండా తెలుగు నేల మొత్తాన్నీ ఉత్తరాదివారు తిలంగ్ దేశం అనేవారు. అక్కడి నుంచి వచ్చినవాడు తిలంగా. ఒక ప్రాంతం పేరు కాస్తా ఒక వృత్తి పేరు అయిపోయింది. దీని వెనుక ఉన్నది 1756 నాటి ఓడ ప్రయాణం, ఆ తర్వాత వచ్చిన ఒక కోటు.

1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి మద్రాసు నుంచి రాబర్ట్ క్లైవ్ సైన్యంతో ఓడలెక్కాడు. తెల్లవాళ్ళతో పాటు సుమారు 1,200 మంది మద్రాసు సిపాయిలు కూడా వెళ్ళారు. వారిలో తెలుగువారు, తమిళులు, ముస్లిములు, అన్ని రకాలవారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఇప్పటిలా సరిహద్దు గీతలు లేవు కాబట్టి బెంగాల్ జనానికి అందరూ ఒకటే, అందరూ తిలంగ్ దేశం నుంచి వచ్చినవాళ్ళే. 1757 జనవరిలో కలకత్తా మళ్ళీ కంపెనీ చేతికి వచ్చింది. వెంటనే క్లైవ్ అక్కడి మనుషులతో ఒక కొత్త పటాలం లేవదీసి వాళ్ళకి ఎర్ర కోట్లు తొడిగించాడు. జనం దాన్ని లాల్ పల్టన్ అన్నారు. అదే ఏడాది జూన్ 23న ప్లాసీ యుద్ధం జరిగింది.

ఇక ఆ తర్వాత బెంగాల్‌లో, బిహార్‌లో, అవధ్‌లో తెల్లవాళ్ళ పద్ధతిలో డ్రిల్లు నేర్చి, వాళ్ళ తరహా దుస్తులు వేసుకున్న ప్రతి సిపాయీ తిలంగానే. వాడు పుట్టింది బనారస్ దగ్గరా, ఆరా దగ్గరా అని ఎవరూ అడగలేదు. కోటు చూశారు, పేరు పెట్టేశారు. కంపెనీని చూసి దేశీ రాజులు కూడా అలాంటి పటాలాలు తయారుచేసుకున్నారు. అవధ్ నవాబు షుజాఉద్దౌలా 1764లో బక్సర్ ఓటమి తర్వాత చేసిన పని అదే. సింధియా కొలువులో యూరపు సేనాని డిబోయిన్ తయారుచేసిన పటాలాలకి కూడా తిలంగాలు అనే పేరు. నేపాలీ భాషలో కూడా సిపాయికి తిలంగా అనే మాట ఉంది.

కోటు ఎందుకు తొడిగారు?

కంపెనీ తొలి రోజుల్లో సిపాయిలు ఎవరి బట్టలు వారు వేసుకుని, ఎవరి ఆయుధాలు వారు పట్టుకుని వచ్చేవారు. దూరం నుంచి చూస్తే జమీందారు బంట్లకీ వీళ్ళకీ తేడా తెలిసేది కాదు. ఎర్ర కోటు వేయగానే ఆ తేడా తెలిసొచ్చింది. వంద మంది ఒకే రంగులో వరుసగా నిలబడితే ఎదుటివాడి కంటికి అది మనుషుల గుంపులా కనపడదు, ఒక గోడలా కనపడుతుంది. ఆ సంగతి కంపెనీ వారికి బాగా తెలుసు. వర్తకులు కదా, ఇంకో లెక్క కూడా వేసుకున్నారు. ఇంగ్లండులో నేసిన ఉన్ని బట్ట ఈ వేడి దేశంలో కొనేవాడు లేడు. సిపాయిలకి కోట్లు కుట్టిస్తే ఆ బట్టకి గిరాకీ పుడుతుంది, దాని ఖర్చు సిపాయి జీతంలోంచే పట్టుకోవచ్చు. మన ఎండల్లో ఉన్ని కోటు ఎంత సుఖమో మీరే ఊహించుకోండి.

ఆ కాలపు బొమ్మలు చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. నడుము పైన ఎర్ర ఉన్ని కోటు. నడుము కింద తొడల దాకా పొట్టి తెల్ల లాగు, కాళ్ళు మామూలుగా వట్టివే. తలకి తలపాగా. అంటే పైన సగం యూరపు, కింద సగం మనం. ఎదుటివాడి చూపు ముందు ఛాతీ మీదే పడుతుంది కాబట్టి పై సగానికే కంపెనీ డబ్బు పెట్టింది!

చందుర్తి చేలో జరిగింది

కోటు చూసి అంచనా వేయడం ఎంత ప్రమాదమో మన గడ్డ మీదే ఒకసారి రుజువయింది. అది 1758 డిసెంబరు. ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు మండలంలోని చందుర్తి గ్రామం. ఇంగ్లీషు పుస్తకాల్లో కొండూరు యుద్ధం అని కూడా రాస్తారు.

అప్పటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో ఉన్నాయి. వారి గొప్ప సేనాని బుస్సీని ఆ ఏడాదే దక్షిణానికి పిలిపించుకోవడంతో, కాన్‌ఫ్లాన్స్ అనే ఆయన అధికారంలోకి వచ్చాడు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద తిరగబడి ఇంగ్లీషువారి సాయం అడిగాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఫోర్డ్ వెంట ఉన్న తెల్లవాళ్ళు ఐదు వందల లోపే. దాదాపు రెండు వేల మంది బెంగాల్ సిపాయిలు. వాళ్ళందరికీ ఎర్ర కోట్లు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్రెంచివారికి అప్పటిదాకా తెలిసిన దక్షిణాది సిపాయిలు ఎర్ర కోటు వేసేవారు కాదు. వారి లెక్క ప్రకారం ఎర్ర కోటు అంటే తెల్లవాడే. యుద్ధం మొదలయ్యేసరికి ఫోర్డ్ తెల్ల సైనికుల ముందు ఏపుగా పెరిగిన చేను అడ్డం ఉంది. వాళ్ళు ఫ్రెంచివారికి కనపడలేదు. పక్కన ఎర్ర కోట్ల సిపాయిలు మాత్రం స్పష్టంగా కనపడ్డారు. ఫోర్డ్‌కి విషయం వెంటనే తట్టింది. సిపాయి కంపెనీల దగ్గర ఉండే చిన్న చిన్న జెండాలన్నీ చుట్టి నేల మీద పెట్టేయమన్నాడు. జెండాలు పోయాక మిగిలింది కోటు ఒక్కటే.

ఫ్రెంచి పటాలం అది ఇంగ్లీషు వారి ముఖ్య బలం అనుకుని నేరుగా వాళ్ళ మీదికే వెళ్ళింది. సిపాయిలు ఆ దెబ్బకి నిలవలేక వెనక్కి తగ్గారు. గెలిచామనుకున్న ఫ్రెంచి వాళ్ళు వరుస తప్పి వెంటపడ్డారు. అప్పుడు చేను చాటు నుంచి అసలు తెల్ల పటాలం బయటికొచ్చి పక్క నుంచి కాల్పులు మొదలుపెట్టింది. కథ తిరగబడింది. ఫ్రెంచివారి ఫిరంగులు, శిబిరం కంపెనీ పరమయ్యాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా పడిపోయింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఆ దారిలో మన కోస్తా జిల్లాలు కంపెనీ పాలనలోకి వెళ్ళిపోయాయి.

ఒక్క కోటు వల్లే ఇదంతా జరిగిందని నేను అనడం లేదు. యుద్ధం గెలవడానికి నూరు కారణాలుంటాయి. కానీ ఆ పొద్దున ఫ్రెంచి సేనాని కోటు చూసి మనిషిని నిర్ణయించాడు, దానికి వాళ్ళు సర్కారులనే మూల్యంగా చెల్లించారు. పైన పటారం చూసి లోపల ఏముందో అనుకుంటే వచ్చే నష్టం ఇదే.

కట్టుకీ బొట్టుకీ చేయి తగిలితే

యాభై ఏళ్ళు గడిచాయి. మన సిపాయిలకి ఆ కోటు అలవాటయిపోయింది, గౌరవం కూడా తెచ్చింది. ఊళ్ళోకి సెలవు మీద వస్తే జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. అంతలో 1805-06లో మద్రాసు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ సిపాయిల వేషధారణ ఇంకా చక్కదిద్దాలనుకున్నాడు. కొత్త రకం తలపాగా వచ్చింది. చూడ్డానికి తెల్లవాళ్ళ టోపీలా ఉంటుంది, దానికి తోలు బిళ్ళ కూడా ఉంది. పెరేడ్‌లో నుదుటి మీద బొట్టు, నామం, విభూతి ఉండకూడదు. చెవి పోగులు ఉండకూడదు. గడ్డం తీసేయాలి, మీసం చెప్పిన కొలతకి కత్తిరించాలి.

అధికారుల కంటికి ఇవన్నీ నీటుగా కనపడటం కోసం. సిపాయి కంటికి మాత్రం వేరుగా కనపడింది. అంతకుముందు కోటు వాడి ఒంటి మీదికి వచ్చింది, వాడిలోంచి ఏమీ తీసెయ్యలేదు. ఇప్పుడు వాడి కట్టూ బొట్టూ రెండూ తీసేసి వేరే మనిషిని చేయబోతున్నారు. ఈ తలపాగా పెట్టుకుని ఊరికెళ్తే సొంతవాళ్ళు పంక్తిలో కూర్చోనిస్తారా? పిల్లనిస్తారా? ఆ తోలు ఏ జంతువుదో? మతం మార్చడానికే ఇదంతా అనే పుకారు కూడా లేచింది. అభ్యంతరం చెప్పిన వాళ్ళలో ఇద్దరిని, ఒక హిందువుని, ఒక ముస్లింని, కొరడా దెబ్బలు కొట్టి కొలువులోంచి తీసేశారు.

1806 జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. టిప్పు సుల్తాను కుమారులు అదే కోటలో బందీలుగా ఉన్నారు. కోట మీద మైసూరు జెండా ఎగిరింది. నూరుమందికి పైగా తెల్ల సైనికులు, అధికారులు చనిపోయారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో కొన్ని గంటల్లోనే వచ్చి కోటని తిరిగి పట్టుకున్నాడు. మూడు వందలకు పైగా సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదులో ఉన్న కంపెనీ సైన్యంలో కూడా ఇదే తలపాగా మీద అలజడి రేగింది, అక్కడి అధికారి ముందుచూపుతో ఉత్తర్వు ఆపేశాడు. చివరికి ఆ నిబంధనలన్నీ రద్దయ్యాయి. క్రాడక్‌ని, గవర్నరు విలియం బెంటింక్‌ని లండన్ వెనక్కి పిలిపించుకుంది.

1857కి యాభై ఏళ్ళ ముందే మన దక్షిణాదిన ఇంత పెద్ద తిరుగుబాటు జరిగింది. కారణాలు చాలా ఉన్నా, నిప్పు అంటించింది తలపాగా. యూనిఫాం వేసుకునేవాడు తనలో కొంత వదులుకోవడానికి ఒప్పుకునే వేసుకుంటాడు. ఎంత వదులుకోవాలనేది వాడి మనసుని అడక్కుండా, పైన కూర్చున్నవాళ్ళు అద్దంలో చూసి నిర్ణయిస్తే వచ్చే ఫలితం వేలూరు.

పేరు మనది, మనుషులు వేరు

1857లో తిలంగా అనే మాట మళ్ళీ మారుమోగింది. మీరట్ నుంచి ఢిల్లీ చేరిన సిపాయిలని నగరవాసులు, ఉర్దూ పత్రికలు తిలంగాలనే అన్నారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బిహార్ ప్రాంతాల పూర్బియాలు. మన సోదరులే కాని తెలుగువారు కారు. నగరం వాళ్ళని చూసి మొదట ఆనందించింది. రోజులు గడిచి జీతాలు అందక, తిండి చాలక కొందరు దుకాణాల మీద పడితే, తిలంగాలు దోచుకుంటున్నారని బహదూర్ షా దర్బారుకి ఫిర్యాదులు వెళ్ళాయి. మంచి పేరూ, చెడ్డ పేరూ రెండూ ఆ కోటుకే అంటుకున్నాయి, కోటుతో పాటు మన జాతి పేరుకీ అంటుకున్నాయి.

ఇంకో విచిత్రం చూడండి. తిరగబడిన సిపాయిల్లో చాలామంది పాత ఎర్ర కోట్లలోనే పోరాడారు. ఎదురుగా తెల్లవాళ్ళేమో తమ తెల్ల బట్టలని టీ నీళ్ళలో, బురదలో ముంచి మట్టిరంగు వేసుకుని వచ్చారు. ఆ మట్టిరంగు పేరు ఖాకీ. పారశీకంలో ఖాక్ అంటే ధూళి. 1846లో పెషావరులో హ్యారీ లమ్స్‌డెన్ లేవదీసిన గైడ్స్ దళం దీనికి ఆది. నూరేళ్ళు కనపడాలని వేసిన కోటు పోయి, కనపడకూడదని వేసే బట్ట వచ్చింది. తుపాకీ దూరం పెరిగింది కాబట్టి గోడలా నిలబడితే గురి అయిపోతాం. 19వ శతాబ్దం ముగిసేసరికి యుద్ధభూమి నుంచి ఎర్ర కోటు పూర్తిగా తప్పుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు కూడా సైన్యంలోంచి తప్పుకోవలసి వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, తర్వాత 1893 దాకా భారత సేనాధిపతిగా పనిచేసిన రాబర్ట్స్‌కి దక్షిణాది సిపాయి మీద నమ్మకం లేదు. యోధ జాతులు అనే సిద్ధాంతం వచ్చింది. ఎత్తు, ఛాతీ, రంగు, గడ్డం చూసి ఎవడు సిపాయో తేల్చారు. తెలుగువారి భర్తీ బాగా తగ్గించేశారు. ఎవరి పేరు మీద ఉత్తర భారతమంతా సిపాయిని పిలిచిందో, వాళ్ళే సిపాయిలా కనపడటం లేదన్నారు! చందుర్తిలో ఫ్రెంచి సేనాని చేసిన పనికీ దీనికీ పెద్ద తేడా నాకు కనపడదు. ఆయన ఒక్క పూట మోసపోయాడు. వీళ్ళు రెండు తరాలు మోసపోయారు.

మళ్ళీ అవసరం పడినప్పుడు పిలుపు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రద్దు చేసిన మద్రాస్ రెజిమెంటుని రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో తిరిగి లేవదీశారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనవాళ్ళు వెళ్ళారు. యోధ జాతి అవునో కాదో ఆ ఊరి వాళ్ళని అడగవచ్చు.

ఇప్పుడు మనం

స్వతంత్రం వచ్చాక 1950 జనవరి 26 నుంచి మన భుజాల మీది కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. బట్ట దాదాపు అదే, గుర్తు మారింది. ఆ గుర్తు మారడంతో ఆ బట్ట ఎవరికి జవాబుదారీయో మారిపోయింది. 2022 జనవరి 15న ఆర్మీ డే పెరేడ్‌లో కొత్త పోరాట దుస్తులు కనపడ్డాయి. బజారులో ఎవరుబడితే వారు కుట్టి అమ్మకుండా ఆ డిజైనుని సైన్యం తన పేరున రిజిస్టరు చేయించుకుంది. దానికి కారణం ఉంది. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసిన ఉగ్రవాదులు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. పౌరులు అలాంటి బట్టలు వేసుకోవద్దని ఆ తర్వాత సైన్యం విజ్ఞప్తి చేసింది. సైనికుడు కానివాడు అలా నమ్మించడానికి ఆ వేషం వేయడం పాత ఐపీసీలోనూ నేరమే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే.

నా అనుభవం కూడా ఒక్క ముక్క చెబుతాను. యూనిఫాంలో రైలెక్కితే "రండి ఫౌజీ సాబ్, కూర్చోండి" అని జరిగి చోటిచ్చినవాళ్ళు, సెలవులో లుంగీ కట్టుకుని అదే రైల్లో కనపడితే "ఓయ్ మద్రాసీ, అటు జరుగు" అన్నారు. మనిషిని నేనే. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత అర్థమయింది. ఆ సీటు వాళ్ళు నాకు ఇవ్వలేదు. నాకు ముందు ఆ బట్ట వేసుకుని మంచుకొండల మీద ప్రాణాలు వదిలినవాళ్ళ ఖాతాలోంచి ఇచ్చారు. నేను తాగి గొడవ చేస్తే, నా తర్వాత రైలెక్కే కుర్రవాడికి ఆ సీటు దొరకదు.

మన పిల్లల్లో కొందరు ఇవాళ అకాడమీల్లో ఉన్నారు, కొందరు భర్తీకి తయారవుతున్నారు. మన సంఘం పెద్దలకి నా మనవి ఒక్కటే. వాళ్ళకి బూటు మెరిసేలా పాలిష్ చేయడం, గంజి పెట్టి ఇస్త్రీ చేయడం ట్రైనింగులో ఎలాగూ నేర్పుతారు. తిలంగా అనే మాట వెనుక ఉన్న కథ మనమే నేర్పాలి. మన పేరుని రెండు వందల ఏళ్ళు మోసినవాళ్ళు బిహారు రైతులు, అవధ్ రైతులు, నేపాలు కొండ మనుషులు. వాళ్ళు మన భాష మాట్లాడలేదు, మన ఊళ్ళు చూడలేదు. అలాగే మనం వేసుకున్న బట్ట మీద వాళ్ళ పేరూ ఉంది. ఒకరి మర్యాద ఇంకొకరి చేతిలో ఉంది.

ఎదుటివాడు కోటు చూసి అంచనా వేస్తాడు. అది మన చేతిలో లేదు. ఆ అంచనాకి తగ్గట్టు నడుచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఉత్తరాదిన ఎక్కడైనా ముసలమ్మ నోట తిలంగా అనే మాట వినపడితే, మన కుర్రవాళ్ళు తలెత్తుకుని ఆ అవ్వకి నమస్కారం పెట్టగలిగేలా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

జై హింద్.